తీరికవేళల తాపీపని

నగరి పట్టణమున, రైలుబండి యాగు ఏకాంబరకుప్పమునుండి కుశస్థలీ నదీతీరము వఱకు గల వీథులలో మెల్లగా నడచి చూచినవారికి, క్రొత్తగా లేచిన అంతస్తుల మేడల నడుమ, వీథివైపున తిన్నెలును, తిన్నెలపై కొయ్యకంబములును, వాని వెనుక రెండు రెక్కల వాకిలియు, వాకిలి దాటినంతనే ఆకాశము కనబడు తొట్టియు గల పాత నేతగాండ్ర యిండ్లు ఇంకను అచ్చటచ్చట కనబడుచుండును. వానిలో పెక్కింటి గతి నేడు రెండు తెఱగులుగా నున్నది. కొన్నింటిని వారసులు పంచుకొని, పడగొట్టి, ఆ స్థలమున కాంక్రీటు కట్టడములను లేపుచున్నారు. మఱికొన్ని, పట్టించుకొనువారు లేక, చూరు జాఱి, వాననీరు గోడలలోనికి దిగి, ఏదో యొక కార్తికమాసపు ముసురులో తమంతట తామే కూలిపోవుచున్నవి. ఈ రెంటికిని భిన్నమైన మూడవ త్రోవ యొకటి కలదు. ఇంటివాడు తన యుద్యోగమును మానకుండ, అప్పులపాలు గాకుండ, సెలవుదినములలోను సాయంసమయములలోను, ఏండ్ల తరబడి, గదివెంట గదిగా, స్వహస్తములతో తన యింటిని బాగుచేసికొనుటయే యా త్రోవ. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచినాను.

నేను వృత్తిచేత బడిపంతులను. మా పూర్వులు మగ్గము నేసిన యింటిలోనే పుట్టి, ఆ యింటిలోనే కాపురమున్నాను. ఆ యింటి మరమ్మతు చిరకాలముగా నాకు విరామకాలపు వ్యాసంగము. సంగీతమో, చదరంగమో, తోటపనియో వ్యాసంగముగా గలవారు దానిని ముగించి లేచి యింటికి పోవుదురు. ఇల్లే వ్యాసంగమైన వానికి లేచిపోవుటకు వేఱు చోటు లేదు. తాను పూసిన గోడప్రక్కనే నిద్రింపవలెను, తాను సవరించిన కప్పుక్రిందనే వానకాలము గడపవలెను. పని యెట్లున్నదో పరీక్షించువాడు ప్రత్యేకముగా రానక్కఱలేదు. ఋతువులే వచ్చి పరీక్షించును.

ఇల్లు బాగుచేయబూనినవాడు తాపీ పట్టుటకు ముందు, ఆ యిల్లు ఎట్లు కట్టబడినదో తెలిసికొనవలెను. మా ప్రాంతపు పాత యిండ్లకు పునాది మా కొండలరాయి. సముద్రముమీద పోవు నావికులు సైతము దూరమునుండి గుఱుతుపట్టెడి నగరి ముక్కు సుమారు 2,800 అడుగుల యెత్తున మాకు సమీపముననే నిలిచియున్నది గదా. ఆ కొండలు మిక్కిలి కఠినమైన స్ఫటికశిలామయములు. భూగర్భశాస్త్రజ్ఞులు కడప శిలాసముదాయములోని యొక శ్రేణికి నగరి క్వార్ట్‌జైటు అని మా యూరి పేరే యుంచిరి. అట్టి రాయి పునాదిలో చెక్కుచెదరక యుండును. చెడునది దాని పైభాగము. గోడలు ఇటుకలతో, లోపల బంకమట్టి యడుసుతోను వెలుపల సున్నపు గారతోను కట్టినవి. వెనుకభాగమునకు పెంకుల కప్పు. పెంకులలో రెండు తరములు కలవు. కుమ్మరి సారెమీద చేసిన వంపు నాటుపెంకులు మొదటివి. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరున కార్ఖానా పెట్టిన పిమ్మట రైలుమార్గముల వెంట దేశమంతట వ్యాపించిన, గాడులు గల యెఱ్ఱని చదును పెంకులు రెండవవి. నాటుపెంకు చిన్నది, ఒకటి పగిలిన నొకటే మార్చుకొనవచ్చును, కాని కోతులు దుమికిన చోట్ల పది పది చొప్పున జాఱును.

ముందుభాగమునకు కప్పు మద్రాసు మిద్దె. దీని నిర్మాణమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఏలయన, ఇట్టి మిద్దెను క్రొత్తగా వేయగలవారు నానాటికి అరుదగుచున్నారు. టేకు దూలములు పఱచి, వానిపై వ్రేలిమందము గల చిన్న యిటుకలను అంచుమీద నిలువబెట్టి, మూలవాటుగా, సున్నముతో నొకదాని కొకటి అతికించుకొనుచు పోవుదురు. ఆ వరుస యారిన పిదప, ఇటుక ముక్కలును సున్నమును కలిపిన మిశ్రమమును దానిపై నాలుగు వ్రేళ్ల మందమున పోసి, కరక్కాయలును బెల్లమును నానవేసిన నీటిని చల్లుచు, స్త్రీలు వరుసలుగా కూర్చుండి, కొయ్యచెక్కలతో దినముల తరబడి కొట్టుదురు. మొదట చెక్క దిగబడును. పిదప గుఱుతు మాత్రము పడును. తుదకు దెబ్బ వేసినపుడు చెక్క యెగిరి వెనుకకు వచ్చును. అప్పుడు గాని కొట్టుట మానరు. దానిపై పలుచని బిళ్ల పెంకులు వరుసలుగా పఱచి సున్నముతో నునుపు చేసినచో, వేసవిలో క్రింది గది చల్లగా నుండును, వానలో చుక్క దిగదు. ఈ పనిలో సిమెంటు లేదు, ఇనుపకడ్డి లేదు. పదార్థములన్నియు సామాన్యములు, విశేషమంతయు వానికి చెల్లించిన కాలములోనే యున్నది.

నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయ మిదియే. పాత యిల్లు కాలముతో కట్టబడినది. దానిని బాగుచేయుటకును కాలమే కావలెను. కూలికి వచ్చిన బేల్దారి యెంత నేర్పరియైనను, అతడు దినకూలిమీద బ్రతుకువాడు. పూసిన సున్నము ఆరువఱకు వారములకొలది ఊరక వేచియుండుటకు అతనికి కూలి యిచ్చువారెవరు? గుత్తకు పని పట్టినవానికి మఱియు తొందర. కావుననే వారు, తప్పు తెలిసియు, త్వరగా గట్టిపడు సిమెంటు వైపునకు మొగ్గుదురు. వేచియుండగల సంపద తీరికవాని యొద్దనే కలదు. ఒక గోడ పూసి, నెల దినములు దాని జోలికి పోకుండ బడికి పోయి వచ్చుచుండుట అతనికి నష్టము గాదు. నైపుణ్యములో తక్కువవాడయ్యు, పనిముట్లలో బీదవాడయ్యు, పాత యింటికి తగిన మరమ్మతుకాడు ఆ యింటివాడే యని నేను దృఢముగా విశ్వసించుచున్నాను.

సున్నము సంగతి చూడుడు. సున్నపురాతిని గాని, పులికాటు సరస్సువంటి చోట్ల దొరకు గుల్లలను గాని, బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాల్చినపుడు దానిలోని బొగ్గుపులుసు గాలి వెడలిపోయి, తేలికయైన తెల్లని గడ్డ మిగులును. దానిపై నీరు పోసిన వెంటనే సలసల క్రాగి, ఆవిరి చిమ్మి, ముద్దగా మాఱును. ఈ సమయమున కండ్లకు అద్దములు లేకుండ దాని దరికి పోరాదు. పిల్లలను పెరటిలోనికి రానీయరాదు. నీటిని సున్నముమీద పోయుటకంటె, వెడల్పైన తొట్టిలో ముందుగా నీరుంచి, అందులోనికి గడ్డలను కొంచెము కొంచెముగా దింపుట మేలు. ఆ ముద్దను గుంటలో నీటిపొర క్రింద నుంచి ఎంతకాల మూరనిచ్చిన అంత మెత్తబడును. ప్లినీ యను రోమక పండితుడు క్రీస్తుశకము మొదటి శతాబ్దమున వ్రాసిన గ్రంథములో, మూడేండ్లకు తక్కువ ఊరిన సున్నమును గుత్తదారు వాడరాదని పూర్వపు కట్టడముల శాసనము లుండెనని చెప్పినాడు. మూడేండ్లు వేచియుండుట నేటి గుత్తదారునకు సాధ్యమా? ఇంటివానికి సాధ్యమే. పెరటి మూలనొక గుంట త్రవ్వి, నీరు పోసి, పైన మూత వేసియుంచినచో, అది తనపాటికి తాను ఊరుచుండును. అతడు తనపాటికి తాను పిల్లలకు పాఠములు చెప్పుకొనుచుండును.

ఊరిన సున్నమునకు రెండింతలో మూడింతలో నదియిసుకను కలిపి, కాళ్లతోనో రోకలితోనో బాగుగా మర్దించిన గాని గార సిద్ధము గాదు. పూత పలుచగా నుండవలెను. ఒకేమాటు మందముగా మెత్తిన నది నెఱ్ఱెలు విచ్చును. మొదటి పూత గట్టిపడిన పిమ్మట రెండవది, అది గట్టిపడిన పిమ్మట నునుపు. ప్రతి పూతకు ముందు గోడను తడుపవలెను, పిదప తడిగుడ్డలు కట్టి ఎండనుండి కాపాడవలెను. ఈ పని నాకు నేర్పిన వృద్ధ బేల్దారి యొకడు, నా గోడను చేత్తో తడవి చూచి, తన సహజమైన మాటతీరున ఇట్లనెడివాడు: "నీళ్లు చల్లతా ఉండాల అయ్యోరూ. ఎండ కొట్టిన గోడకు మెత్తితే పొద్దు గూకే లోపల పగిలిపోతాది. పొద్దున నేను చూడను, సందేళ మీరే చూడాల." సున్నము గట్టిపడుట యనగా, కాల్చినపుడు పోగొట్టుకొనిన బొగ్గుపులుసు గాలిని అది మరల వాతావరణమునుండి మెల్లమెల్లగా గ్రహించి తిరిగి రాయి యగుటయే. పైపొర వారములలో రాయి యగును. లోపలి పొరలకు నెలలు, సంవత్సరములు పట్టును. చంద్రగిరి కోటలోని మూడంతస్తుల రాజమహలును కొయ్య వాడకుండ రాయి, ఇటుక, సున్నములతోనే కట్టిరి. దాని గోడలయెదుట నిలిచి, ఆ గార యెన్ని తరములుగా గట్టిపడుచు వచ్చినదో యూహించినచో, మన యింటి గోడకు ఒక మాసము గడువిచ్చుట యెంతపని యనిపించును.

సిమెంటును నేను నిందించుటలేదు. 1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్పిడిన్ పోర్ట్‌లండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. మన దేశమున దానిని చేయుటకు మొట్టమొదటి ప్రయత్నము 1904లో మద్రాసులోనే జరిగినది. వంతెనలకును ఆనకట్టలకును దాని సేవ అమూల్యము. కాని మట్టియు సున్నమును గల పాత గోడపై దానిని పూసినపుడు జరుగునది వేఱు. పాత గోడ నేలనుండి నిమ్మును పీల్చును, సున్నపుపూత గుండ ఆ నిమ్మును గాలికి విడుచును. ఈ రాకపోకలవలననే అది చిరకాలము నిలుచును. సిమెంటు పూత దిట్టమైనదగుటచే నిమ్మును బయటికి పోనీయదు. లోపల చిక్కుకొనిన తేమ పైపైకి ప్రాకి, లవణములను వెంట తెచ్చి, ఇటుకను పొడిపొడిగా రాల్చివేయును. దూలముల చివరలను పుచ్చజేయును. బయటినుండి చూచువారికి గోడ క్రొత్తదిగానే కనబడుచుండును. కొన్నియేండ్లకు ఆ పూత పలకలు పలకలుగా ఊడిపడినపుడు, ఇల్లు పాతదయ్యె, ఇక పనికిరాదు, పడగొట్టుడని సలహా యిచ్చువారే అందఱును. ఇల్లు పాతదగుటచే చెడలేదు. తనకు పొసగని పూతచే చెడినది.

గోడలోని బీటల విషయమునను తొందర కూడదు. మా యూర చేతిమగ్గముల చోటను మరమగ్గములు వచ్చి చాలకాల మయినది; వాని యదరు ప్రక్కయింటి గోడలకును తెలియును. ఒక బీట కనబడగానే దానిని పూడ్చివేయుట అందఱును చేయు పని. అది పాత బీటయా, ఇంకను విచ్చుచున్న బీటయా యని ముందు తెలిసికొనవలెను. అందుకొక సులభమైన ఉపాయము కలదు. పలుచని గాజుబిళ్ల నొకదానిని బీటకు అడ్డముగా, రెండు కొనలయందును సున్నముతో అతికించి, ప్రక్కన తేది వ్రాసియుంచవలెను. ఒక వేసవియు ఒక వానకాలమును గడచినను గాజు పగులకున్నచో, గోడ నిలుకడ చెందినదని యర్థము; అప్పుడు బీటను నిశ్చింతగా పూడ్చవచ్చును. గాజు పగిలినచో, గోడ యింకను కదలుచున్నది. కారణము పునాదిలోనో, కప్పులోనో, మురుగుకాలువలోనో వెదకవలెను. ఒక బీట గుట్టు తెలియుటకు ఏడాది పట్టునన్న మాట. గుత్తపనిలో ఇట్టి ఏడాదికి తావు లేదు.

తీరికవానికి పంచాంగమే పనిపట్టిక. నైఋతి వానలు కొంత కురిసినను, మా ప్రాంతమున ఇండ్లను కూల్చునవి ఈశాన్యపు వానలు. ఆశ్వయుజమునుండి మార్గశిరము వఱకు వాని రాజ్యము. 2021 నవంబరులో తిరుపతి వీథులు జలమయమైన దినములు ఇంకను మనకు మఱపునకు రాలేదు. ఆ మాసములలో కట్టుపని పెట్టుకొనరాదు. ఎచ్చట చుక్క పడుచున్నదో, ఏ గోడకు నిమ్మెక్కుచున్నదో చూచి సుద్దముక్కతో గుఱుతులు పెట్టుకొనుటయే అప్పటి పని. సంక్రాంతి దాటిన పిదప చలి తగ్గి, ఎండ ముదరని దినములు సున్నపుపనికి శ్రేష్ఠములు. అగ్నినక్షత్రపు ఎండలలో గారపని మానవలెను. కాని పెంకులు దింపి, వాసములు మార్చి, మరల నేయుటకు ఆ యెండలే యనుకూలము. పగటి యెండ ముదరకముందే కప్పెక్కి, ప్రొద్దెక్కుసరికి దిగిపోవలెను. ఆషాఢశ్రావణములు తలుపులకును కిటికీలకును, భాద్రపదము తూములకును కాలువలకును. తిరుమల ఆలయమున ఉగాదికి, ఆణివార ఆస్థానమునకు, బ్రహ్మోత్సవములకు, వైకుంఠ ఏకాదశికి ముందు, ఏటా నాలుగుమాఱులు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును గదా. గోడలు, కప్పు, పూజాసామగ్రి సమస్తమును కడిగి, పరిమళద్రవ్యమును పూయుదురు. చెడిపోయిన పిమ్మట బాగుచేయుట గాక, చెడకముందే తిథి నిర్ణయించుకొని చూచుకొనుట ఆ సంప్రదాయములో నున్నది. గృహస్థునకును అది చాల ననుసరణీయము.

కాపురమున్న యింటిలోనే పని సాగించుట ఈ వ్యాసంగములో అన్నింటికంటె కష్టమైన భాగము. దుమ్ము అన్నములో పడును; పరుపులు నడవలోనికి వచ్చును; వంటగది పని మొదలైన నాటినుండి గృహిణి సహనమునకు మేర యుండదు. దీనికిని పెద్దలు చూపిన మార్గమే నాకు తోచినది. ఆలయ జీర్ణోద్ధారమునకు ముందు బాలాలయ మొకటి యేర్పఱచి, మూలమూర్తి శక్తిని అందులోనికి ఆవాహనచేసి, నిత్యపూజలు అచ్చట జరుపుచు, ఇచ్చట పని చేయుదురు. తిరుమలలో 2018 ఆగస్టునందు జరిగిన మహాసంప్రోక్షణము ఆ విధముగనే జరిగినది. గృహమునకును అట్టి బాలాలయ మొకటి ముందుగా సిద్ధము చేసికొనవలెను: ఒక గదిని పూర్తిగా బాగుచేసి, తలుపు బిగించి, దానిలోనికి పొయ్యిని, దేవుని పటమును, పిల్లల పుస్తకములను మార్చిన పిమ్మటనే రెండవ గదికి చేయి చాపవలెను. ఒకేసారి నాలుగు గదులను విప్పినవారి యిండ్లలో కలహములు పుట్టుట చూచినాను. ఒక గది ముగియనిదే రెండవదానిని ముట్టననుట ఇంటివారికి ఇయ్యవలసిన మాట. ఇచ్చిన మాటను నిలుపుకొనవలెను.

ఏండ్ల తరబడి ఇల్లు సవరించుకొనినవారిలో ప్రపంచప్రసిద్ధులును కలరు. అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ వర్జీనియాలో మాంటిసెల్లో యను గృహమును 1769లో మొదలిడి, ఫ్రాన్సుదేశమున కొంతకాలముండి వచ్చిన పిమ్మట 1796లో చాలభాగము విప్పించి, ఇంచుమించు 1809 వఱకు పెంచుచునే యుండెను. వాస్తువిద్యను గురుముఖమున నేర్చినవాడు గాడు. ఇటలీదేశపు వాస్తుశిల్పియగు పల్లాడియో గ్రంథములు చదివి నేర్చుకొన్నవాడు. ఆ నలుబదియేండ్ల పట్టుదల మెచ్చదగినదే. కాని ఆ యిల్లు కట్టిన చేతులు ఆయనవి గావు. అందలి సుందరమైన కొయ్యపనిలో పాలుపంచుకొనిన జాన్ హెమింగ్స్ ఆయన యాజమాన్యములో బానిసగా నుండిన వడ్రంగి. ఆ గృహమును గూర్చి చెప్పునపుడు ఈ సంగతి విడిచిపెట్టుట ధర్మము గాదు. నా మనస్సునకు మఱింత దగ్గఱగా తోచిన ఉదాహరణము లారీ బేకరు. 1917లో బర్మింగుహామున పుట్టి, 1945లో కుష్ఠురోగుల సేవకై మన దేశమునకు వచ్చి, తుదకు తిరువనంతపురమున స్థిరపడి, 2007లో అచ్చటనే కీర్తిశేషుడైన ఆయన, నాలంచిరలో రాళ్లవాలుపై హామ్లెట్ అను తన గృహమును ఒక్కమాటుగా కట్టలేదు. పాత తలుపులు, పగిలిన పెంకులు, రంగుసీసాలు, ఇతరులు పాఱవైచిన కొయ్యలు దొరకినకొలది దానికి చేర్చుకొనుచు, సంవత్సరములకొలది పెంచెను. ఆయన శిక్షితుడైన వాస్తుశిల్పి. అయినను తాపీ చేతబట్టి బేల్దారులతో కలిసి నిలుచుటకు సంకోచింపలేదు. పాత వస్తువును తిరిగి వాడుటలో దోషము లేదని గృహస్థులకు ధైర్యమిచ్చినవారిలో ఆయన అగ్రగణ్యుడు. కారైకుడిలో చెట్టినాటి మేడల కంబములను, తలుపులను అమ్ము అంగళ్లు కలవు. అడుగుభాగము పుచ్చిన కంబమును తీసిపాఱవేయక, పుచ్చినంతవఱకు కోసి, అదే జాతి పాతకొయ్యతో అతుకువేసి, చీలలు దిగగొట్టినచో, అది మఱియొక తరము నిలుచును.

అయితే తీరికవాడు తాకరాని పనులు కలవు. వీనిలో మొగమాటము కూడదు. విద్యుత్తు తీగల పని లైసెన్సు గల పనివానికే విడువవలెను. తడిగోడలో పాతతీగ యుండుట ప్రాణాపాయము. దూలము వంగినను, గోడ లంబము తప్పినను, ముందుగా ఇంజనీరును పిలిచి చూపి, పోట్లు పెట్టించిన పిమ్మటనే తక్కిన మాట. రేకుల కప్పు ఆస్బెస్టాసుదైనచో దానిని కోయరాదు, బరమాతో తొలువరాదు. దాని నూగు ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల పిమ్మట వ్యాధి కలిగించును. పాత తలుపులపై నున్న రంగులలో సీసముండుట కలదు. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములకు మించరాదను నియమము 2017 నవంబరునుండియే యమలులోనికి వచ్చినది. కావున అంతకుపూర్వపు రంగును పొడిగా గీకరాదు. తడిపి గీకి, ఆ పొట్టును కాగితములో మూటగట్టి తొలగించవలెను. గర్భవతులను, పసిబిడ్డలను ఆ దరిదాపులకు రానీయరాదు. మద్రాసు మిద్దెకు చిల్లి పడినచో ఆ పని తెలిసిన వృద్ధులను వెదకి పిలువవలెను. వారి ప్రక్కన నిలిచి సామగ్రి యందించుటయే అప్పుడు ఇంటివాని వంతు. వారికిచ్చు కూలిలో బేరమాడరాదు, ఏలయన అది కూలి మాత్రమే గాదు, గురుదక్షిణ కూడ.

ఇక మా యింటి నడిమిగదిలోని గుంటమగ్గపు గుంటను గూర్చి చెప్పి ముగించెదను. మగ్గము పోయి చిరకాలమైనను గుంట మిగిలినది. దానిని పూడ్చి, పైన కడపబండలు పఱచినచో గది విశాలమగునని మా యింటిలో పలువుర యభిప్రాయము. నేనును చాలకాలము ఎటును తేల్చుకొనలేకపోతిని. మద్రాసు సమీపమున ముట్టుకాడులో 1996లో తెఱచిన దక్షిణచిత్ర యను గృహప్రదర్శనశాల కలదు. దక్షిణదేశపు పాత యిండ్లను కొన్నింటిని విప్పి తెచ్చి, మరల నచ్చట నిలిపినారు. వానిలో పూర్వపు నల్లగొండ జిల్లాలోని కొయ్యలగూడెపు నేతగాని యిల్లును కలదు. ఆ యింటిలో మగ్గము చుట్టు గది యమర్చబడిన తీరు చూచిన పిమ్మట, మా నడిమిగది యేల అంత చీకటిగా, ఏల అంత చల్లగా కట్టబడినదో నాకు తెలిసినది. మా వీథిలో ఇంకను చేతిమగ్గము విడువని యొక వృద్ధుడు, నేనడుగగా, మిగిలిన దానిని వివరించినాడు: నేలలోని తేమ గుంటద్వారమున పైకి వచ్చి పడుగును మెత్తగా నుంచును, అందుచే ఎండకాలమున పోగులు తెగవు, నేలకు సిమెంటు వేసినచో ఆ తేమ చచ్చిపోవును, పోగులు పుటుక్కుపుటుక్కున తెగును. మా పూర్వులు అలుకునేల నుంచినది పేదఱికముచేత మాత్రమే కాదన్నమాట. అంతట గుంటను పూడ్చు తలంపు మానితిమి. దాని పక్కగోడలను పుట్టమన్నును ఊరిన సున్నమును కలిపి సవరించితిని. అడుగునకు మన్నే వేసి దిమ్మిస కొట్టితిని. చుట్టును అలుకునేలనే నిలిపితిని. వృద్ధుడు వచ్చి, గుంటలో కాళ్లుంచి కూర్చుండి, లోతు సరిపోయినదనెను.

ఇక కావలసినది మగ్గము. క్రొత్త చట్రము చేయింపవచ్చును గాని, ఆ గుంట కొలతకు చేసిన పాత సామాను దొరకిన మేలు. నగరి, పుత్తూరు, నారాయణవనము ప్రాంతముల శ్రోతలలో ఎవరి యింటి అటుకమీదనైనను బట్ట చుట్టుకొను దోనెయో, పన్నెయో, నాడెయో పడియున్నచో, వంటచెఱకుగా వాడక, ఒక మాట తెలియజేయ వేడుచున్నాను. వాని మరమ్మతు ఖర్చు నాది.